రెండు నెలల్లో అరిగిన చెప్పులు

కూతురి కాళ్ళకి నిలకడ లేకుండా చేసింది ఆ డాక్టరే. చెప్పులు కుట్టే ఆ పెద్దమనిషికి ఇందులో అనుమానం లేదు.

పెళ్ళాం పోయాక కొట్లో ఆయనకి తోడు కూతురే. ఆయన చెప్పులకి అడుగులు అతికిస్తే ఆమె పైతోలు కుట్టేది. చెవుల్లో గొంతులు వినబడే జబ్బు ఆమెది. మాత్రలు మరిచిపోతోందని నెలకోసారి సూది మొదలెట్టారు. గొంతులు సద్దుమణిగాయి. కాళ్ళు ఆగడం మానేశాయి.

పీట మీద కూర్చున్న నిమిషానికే లేచేది. గుమ్మం దాకా వెళ్ళేది, వచ్చేది, మళ్ళీ వెళ్ళేది. అన్నం కూడా నిలబడే తినేది.

"కాసేపు కుదురుగా కూర్చోవే! కాళ్ళకి చక్రాలేమైనా కట్టించుకున్నావా?"

"నా వల్ల కావట్లేదు నాన్నా. లోపల చీమలు పాకుతున్నట్టుంది."

చీమలనగానే మళ్ళీ ఆ జబ్బు మాటలే అనుకున్నాడు. తర్వాతి సూదికి వెళ్ళినప్పుడు ఆమె నోరు తెరిచేలోగా, "తిరగబెట్టింది డాక్టరుగారూ, ఒకటే తిరుగుడు" అనేశాడు. డాక్టరు ఆమెనేమీ అడగలేదు. మోతాదు పెంచాడు.

పదిహేను రోజులకి ఆమె చెప్పు తెగింది. కుడదామని తిరగేశాడు. తనే వేసిన అడుగు, ఏడాది ఆగాల్సింది, రెండు నెలలకే కాగితంలా అయింది. అరిగిన చోటు వేలితో తడిమాడు. గొంతులు వినబడ్డ రోజుల్లో ఆమె మూలన ముడుచుకుని కదిలేదే కాదు. అప్పటి చెప్పులు కొత్తవాటిలా ఉండేవి.

కూతుర్ని వెంటబెట్టుకుని వెళ్ళి ఆ చెప్పులు డాక్టరు బల్ల మీద పడేశాడు.

"ఇది జబ్బు నడక కాదు. నీ సూది నడక."

డాక్టరు వాటిని తిరగేసి చూశాడు. లోపల ఎలా ఉందని ఆమెని అప్పుడడిగాడు, చెప్పిందంతా విన్నాడు. "సూది ఆపి వేరే మాత్రలిద్దాం."

"మరి లోపలికి ఎక్కించింది?"

"మెల్లగా దిగాలి. నెలలు పట్టొచ్చు."

"కుట్టు తప్పితే నేను విప్పి మళ్ళీ కుడతాను. విప్పలేనిది అడక్కుండా ఎలా కుట్టావయ్యా?"

డాక్టరు చీటీ మీద సూది పేరు కొట్టేశాడు.

నెల గడిచింది, ఆమె నడిచింది. రెండో నెలా నడిచింది. అయిదో నెలలో ఒకరోజు పీట మీద కూర్చుని చెప్పుకి ఒక పక్కంతా కుట్టింది. మోకాలు మాత్రం ఇంకా అదురుతూనే ఉంది.

"నాన్నా, తిరగబెట్టిందని ఆయనకి చెప్పింది నువ్వే కదా."

ఆయన కొడుతున్న మేకు వంకరగా దిగింది. పీకేసి ఇంకొకటి తీసుకున్నాడు.

"ఆ ఊసు ఇంకెప్పుడూ ఎత్తకు. చచ్చేదాకా నేనూ ఎత్తను."