కళ్ళు మూసుకుని ఎత్తిన చేతులు

ఆ ఆదివారం మోతుబరి అంకమ్మరావు చర్చికి వస్తాడని మహిమ కలలో కూడా అనుకోలేదు. ఎన్నికలు దగ్గరపడితే ఆయనకు భక్తి పుట్టుకొస్తుందని వినుకొండ చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ తెలుసు గాని, సరిగ్గా ఈ వారమే పుట్టాలా? మెళ్ళో దండ వేయించుకుని, జనానికి ఎదురుగా కుర్చీలో దర్జాగా కూర్చున్నాడు.

పోయిన పార్లమెంటు ఎన్నికల్లో మహిమ ఓటు ఆయన మనిషే నొక్కాడు. మిషను ముందు నిలబడేసరికి పక్కనుంచి ఓ చెయ్యి వచ్చింది, బీప్‌మంది, అయిపోయింది. పేటలో అందరిదీ అదే కథ. అధికారులకు చెప్పుకుంటే సాక్ష్యం తెమ్మన్నారు. బూత్‌లో ఉన్నవాళ్ళంతా ఆయన మనుషులే అయితే సాక్ష్యం ఎక్కడినుంచి తెస్తారు? అందుకే ఈసారి వేరే దేశాల పరిశీలకులను తమ బూత్‌కి పంపమని ఢిల్లీ ఎన్నికల కమిషన్‌కి రాయాలని మహిమ పట్టుబట్టింది. జనం ఒప్పుకుంటే చర్చి పేరున తానే రాస్తానని, ఆదివారం అందరినీ అడుగుతానని జయపాల్ పాస్టరు మాటిచ్చాడు.

మామ ఫిలిప్ మాత్రం పొద్దున్నే హెచ్చరించాడు. "మనం కౌలుకి చేసే మిరప చేను అంకమ్మరావుదే. నోరు మూసుకుని కూర్చో అమ్మాయ్."

ప్రసంగం అయిపోయింది. పాస్టరు ఆ కుర్చీవైపు ఓసారి చూసి, ఊసెత్తకుండా చివరి పాటలోకి పోబోయాడు. మహిమకు ఒళ్ళు మండింది. లేచి నిలబడింది.

"అయ్యగారూ, అడుగుతానన్నారు కదా. ఫారిన్ వాళ్ళని మన బూత్‌కి పంపమని రాసే సంగతి."

అంకమ్మరావు నవ్వాడు. "మనూరి సంగతి పరాయి దేశాలవాళ్ళకి చెప్పుకుంటే పరువు పోదా అమ్మా?"

"మన మిరపకాయల్ని వాళ్ళే వచ్చి పరీక్ష చేసి కొంటన్నారు కదండీ. అప్పుడు పోని పరువు ఇప్పుడెందుకు పోద్దండీ?"

ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు.

"సరే, ఎంతమందికి ఇష్టమో చేతులెత్తమనండి పాస్టరుగారూ. ఇప్పుడే తేలిపోద్ది," అన్నాడు అంకమ్మరావు.

ఆయన కళ్ళెదుట చెయ్యెత్తే మొనగాడెవడు? పాస్టరు నుదురు తుడుచుకున్నాడు.

"మా పద్ధతిలో అడుగుతానండి," అన్నాడు చివరికి. "అందరూ తల వంచి ప్రార్థనలో కళ్ళు మూసుకోండి. ఇష్టమున్నవాళ్ళు చెయ్యెత్తండి. నేను తప్ప ఎవరూ చూడకూడదు. మీరు కూడానండి బాబుగారూ."

మహిమ ముసుగు సర్దుకుని, కళ్ళు మూసుకుని చెయ్యెత్తింది. చెయ్యి లేస్తే గాజులు చప్పుడవుతాయి కదా అని చెవులు రిక్కించింది. పక్కన పుల్లమ్మ గాజులు గలగలమన్నాయి. వెనక ఇంకెవరివో. తర్వాత ఫ్యాను చప్పుడే. ఇంతమంది పిరికివాళ్ళ మధ్యా నేను బతుకుతున్నది అని ఏడుపొచ్చింది.

"దించండి. కళ్ళు తెరవండి," అన్నాడు పాస్టరు. ఆయన లెక్క చెప్పేలోపే అంకమ్మరావు లేచాడు.

"నలుగురంటే నలుగురు! ఈ మాత్రానికి ఢిల్లీ దాకా ఎందుకండీ? పుల్లమ్మా, నువ్వూ ఎత్తావే? రేపట్నుంచి కాయ కోతకి మా చేలోకి రాబాకు. మన ఫిలిప్‌గాడు బుద్ధిమంతుడు. చెయ్యి ఒళ్ళోంచి తియ్యలా."

తనేమన్నాడో ఆయనకింకా తెలియలేదు. చర్చి అంతటికీ తెలిసింది. ప్రార్థనలో కళ్ళు తెరిస్తే పసిపిల్లలకి కూడా తొడపాశం పెట్టే జనం వాళ్ళు.

ఫిలిప్ మోకాళ్ళు పట్టుకుని మెల్లగా లేచాడు. "బాబుగారూ, మీరు కళ్ళు మూసుకోలేదా?"

"ఏదో... అలవాట్లేక..." అంకమ్మరావు తడబడ్డాడు.

"దేవుడి సన్నిధిలోనే తొంగి చూశారే. ఇక బూత్‌లో ఊరుకుంటారా?" ఫిలిప్ గొంతు వణికింది. అది కోపం కాదు, భయమే. మహిమకు ఆ గొంతు తెలుసు. "అయ్యగారూ, ఇందాక నేను ఎత్తలా. నిజమే. ఇప్పుడు ఎత్తుతున్నా. ఆయన చూస్తుండగానే ఎత్తుతున్నా."

ఎత్తాడు. అతని పక్కవాళ్ళు ఎత్తారు. ఆడవాళ్ళ వైపు గాజుల చప్పుడు ఆగకుండా వినిపించింది. అంకమ్మరావు ఒక్కో ముఖాన్నీ నిదానంగా చూసి, దండ తీసి కుర్చీలో పడేసి బయటికి నడిచాడు.

మహిమకు సంతోషం రాలేదు, భయం వేసింది. ఢిల్లీ వాళ్ళు వింటారో లేదో, ఏ దేశంవాళ్ళయినా వస్తారో రారో గాని, వచ్చే ఏటికి కౌలు మాత్రం ఉండదు. ఇంటిల్లిపాది కూడు తన నోటి మాటకు పోయింది. మామ ముఖం చూడలేకపోయింది.

పాస్టరు కాగితం తెప్పించాడు. "అనుకున్నట్టే చర్చి పేరున రాసేస్తా. మనుషుల పేర్లెందుకు?"

"పేర్లతోనే రాయండి అయ్యగారూ," అన్నాడు ఫిలిప్. "మా కోడలి పేరు కిందెక్కడన్నా పెట్టండి. మొదట నాది రాయండి. ఆయన మనుషులొస్తే ముందు నా దగ్గరికే రావాలి."