మూడు పిస్తోళ్లు, ఒక పసుపు గీత

రెండు వందల తూటాలు ఒక్కసారి కూడా తడబడకుండా కాల్చిన పిస్తోలునే ఇంట్లోకి తెస్తానని వెర్నాకు మాట ఇచ్చాను. ఆ మాట నెరవేరిన రోజున ఇంటికి తిరిగి వస్తానని ఆమె చెప్పింది. అప్పటికి ఆరు వారాలుగా నా భార్య కాస్పర్ పట్టణంలో తన చెల్లెలి ఇంట్లో ఉంటున్నది.

మార్చి నెలలో ఒక శనివారం, పట్టపగలు, ఎవడో మా వెనుక తలుపు పగలగొట్టి లోపలికి వచ్చాడు. వెర్నా బట్టలు ఉతికే గదిలో దూరి, గడియ వేసుకుని, నలభై నిమిషాలు నేలమీద కూర్చున్నది. వాడు సొరుగులోని నా పాత రివాల్వర్‌నూ ఫ్రిజ్‌లో మిగిలిన కోడిమాంసాన్నీ తీసుకుని వెళ్లిపోయాడు. మర్నాడే వెర్నా చెల్లెలి ఇంటికి వెళ్లిపోయింది. దొంగ పడిన సమయంలో నేను తుపాకులు కాల్చడం సాధన చేసే రేంజ్‌లో కొత్త సభ్యులకు తుపాకి పట్టుకొనే పద్ధతి బోధిస్తున్నాను. ఇంటికి వచ్చి విరిగిన తలుపును చూసినప్పుడు నాకు భయం గాని, కోపం గాని కలగలేదు. మత్తుసూది వేయించుకున్న దవడ వలె మనస్సు మొద్దుబారిపోయింది. ఆ మొద్దు ఇంకా వదలలేదు.

మనస్సు మాట అటుంచితే, నా కుడి చూపుడువేలు డిసెంబరు నుంచే మొద్దుబారి ఉన్నది. అది చక్కెర వ్యాధి చేసిన పని అన్నాడు డాక్టరు. ఈ సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. ముప్పై ఒక్క సంవత్సరాలు రసాయనశాస్త్రం బోధించి, పందొమ్మిది సంవత్సరాలు ఈ రేంజ్‌కు భద్రతాధికారిగా ఉన్న మనిషి ఒక వేలి గురించి మొరపెట్టుకోవడం మర్యాదగా తోచలేదు.

మే నెల మొదటి శనివారం రేంజ్‌లో రోండా ప్రూయిట్ నా ముందు మూడు పిస్తోళ్లు పెట్టింది. ఆమె ఒకప్పుడు నా విద్యార్థిని. ఇప్పుడు ఊళ్లోని తుపాకుల దుకాణమూ ఆమెదే, నా తరువాత రేంజ్ భద్రతాధికారిణి కూడా ఆమే.

"పొట్టివి కూడా ఉన్నాయి మాస్టారూ. జేబులో పడతాయి."

"నాకు జేబులోకి అక్కరలేదు. మంచం పక్కన ఉండాలి, ఆదివారం గురి సాధనకూ పనికిరావాలి. గొట్టం పొడుగు, పిడి నిండుగా, బరువు తగినంత. బరువు ఉంటే కాల్చినప్పుడు ఎదురుతన్ను తగ్గుతుంది."

"ఈ పాఠం నాకు మీరే చెప్పారు. మళ్లీ నాకే అప్పజెబుతున్నారు!"

వెర్నా ఆ ఉదయమే కాస్పర్ నుంచి కారు నడుపుకుంటూ వచ్చి నా వెనుక నిలబడి ఉన్నది. "గుర్రాన్ని బేరమాడుతున్నట్టు చూస్తున్నావు ఎవరెట్. నోరు తెరిచి పళ్లు కూడా చూడు," అన్నది.

మొదటి పిస్తోలు అరవై మూడవ తూటా వద్ద ఖాళీ తొడుగును బయటికి విసరలేక లోపలే ఇరికించుకున్నది. దానిని పక్కన పెట్టాను. రెండవది రెండు వందలూ కాల్చింది గాని, పిడి నా అరచేతికి లావు. మూడవది నూట అరవై తూటాలు గడియారం వలె కాల్చింది. అప్పటికి గురి కాగితాలన్నీ జల్లెడలయ్యాయి.

రోండా ఎర్రదీపం వేసింది. ఎర్రదీపం వెలిగితే మా పద్ధతి ఒక్కటే: తుపాకులు ఖాళీ చేసి, తెరిచి, బల్లమీద పెట్టి, అందరూ పసుపు గీత వెనక్కు రావాలి. కాగితాలు మార్చడానికి వెళ్లినవారు తిరిగి వచ్చేవరకు తుపాకిని ఎవరూ తాకరాదు.

"నిలబడి కాళ్లు పట్టేశాయి. నేను మార్చుకొస్తా," అంటూ వెర్నా కాగితాలు తీసుకుని వెళ్లింది.

నేను రెండవ పిడినీ మూడవ పిడినీ మనస్సులో పోల్చుకుంటున్నాను. ఒకటి లావు, మరొకటి సరిగ్గా ఎంత సన్నం? ఆ ప్రశ్న తప్ప నా తలలో మరేదీ లేదు. గీత దాటి, బల్ల దగ్గరకు నడిచి, మూడవ పిస్తోలును చేతిలోకి తీసుకున్నాను.

"మాస్టారూ," అన్నది రోండా, చాలా మెల్లగా. "మీ వేలు."

చూసుకున్నాను. నా చూపుడువేలు ట్రిగ్గర్ మీద ఉన్నది. అది అక్కడ ఉన్నట్లు నాకు తెలియలేదు. గొట్టానికి తిన్నగా, పాతిక గజాల దూరంలో, వెర్నా నాకు వీపు పెట్టి చెక్కకు కాగితం కొడుతున్నది.

పిస్తోలును బల్లమీద పెట్టి, గీత వెనక్కు వచ్చి నిలబడ్డాను.

ఎర్రదీపం వెలుగుతుండగా తుపాకి తాకినవారు ఏడాదిపాటు రేంజ్‌లో తుపాకి పట్టరాదు. ఆ నియమం వ్రాసినది నేనే. ఒకప్పుడు ఇదే తప్పుకు క్లైడ్ అంబర్గర్ అనే పశువుల ఆసామిని మనవళ్ల ఎదుటే పంపివేశాను. తుపాకి ఖాళీదే కదా అని అతడు బతిమాలుకున్నాడు. ఖాళీ తుపాకి అనేది లోకంలో లేదని బదులిచ్చాను. అతడు మళ్లీ రాలేదు. కిరాణా కొట్టులో ఎదురైతే నేటికీ ముఖం తిప్పుకుంటాడు.

"ఎవరూ చూళ్లేదు మాస్టారూ," అన్నది రోండా. "నేనూ చూళ్లేదనుకోండి. ఇంకా నలభయ్యే కదా, కానిచ్చేయండి."

"చూశావు. రేంజ్ తప్పుల పుస్తకంలో వ్రాయి."

"ఖాళీది కదండీ!"

"అంబర్గర్‌దీ ఖాళీదే."

"అబ్బా, ఇప్పుడాయన్నెందుకు తెస్తారు మధ్యలోకి!"

అంతలో వెర్నా తిరిగి వచ్చింది. "ఏంటి, ఎవరైనా పోయారా? మొహాలు అలా వేలాడేశారు?"

జరిగినది జరిగినట్లు చెప్పాను. డిసెంబరు నుంచి వేలికి స్పర్శ లేదన్న సంగతీ చెప్పాను.

"డిసెంబరా! క్రిస్మస్ నాడు మాంసం కోస్తూ వేలు తెగ్గోసుకుని, చీమ కుట్టినట్టు కూడా లేదని గొప్పలు పోయావే, అదా?"

"అదే."

"అయితే ఇందాక నాకే గురిపెట్టావన్నమాట."

"గొట్టం నీవైపు ఉన్నది. గురిపెట్టలేదు."

"విన్నావా రోండా? పెళ్లాన్ని కాల్చబోయి కూడా వాక్యం దిద్దుతాడు ఈ మనిషి!"

రోండా నవ్వలేదు. వెర్నా కూడా నవ్వలేదు.

"మరి నేనెక్కడికి పోవాలి?" అని అడిగింది వెర్నా. "మళ్లీ కాస్పర్‌కేనా?"

ఏడాదిపాటు నేను కాల్చరాదు. కాల్చి చూడని పిస్తోలును ఇంటికి తేనన్నాను. ఆమెను ఉండమని అడగవలసిన క్షణం అదేనని తెలిసినా, నాలుక కూడా ఆ వేలు వలెనే పడి ఉన్నది.

ఆమె నన్ను కాసేపు చూసి, బల్లవైపు తిరిగింది. "దానికి ఇంకా ఎన్ని కావాలి?"

"నలభై."

"రోండా, చెవులకి ఏదన్నా ఇవ్వు."

వెర్నా పశువుల మందల మధ్య పెరిగిన మనిషి. పన్నెండేళ్లకే, తోక గలగలలాడించే గిలకపాములను కాల్చినదట. ముప్పై ఏళ్లుగా మాత్రం తుపాకి ముట్టలేదు. మొదటి నాలుగు తూటాలు మట్టిని లేపాయి. అయిదవది కాగితం అంచును తాకింది. ఆపైన ఆమె భుజాలు కుదురుకున్నాయి. తూటాలు నింపడానికి మాత్రమే ఆగుతూ, నలభయ్యీ కాల్చింది. పిస్తోలు ఒక్కసారి కూడా తడబడలేదు. నేను గీత వెనుక, చేతులు వెనక్కు కట్టుకుని, ప్రతి తూటానూ లెక్కపెట్టాను.

దుకాణంలో పత్రాలు వెర్నా పేరున పూర్తయ్యాయి. రోండా బల్లమీద ఒక చిన్న ఉక్కుపెట్టె పెట్టింది. మంచం పక్కన బిగించుకొనేది, వేలిముద్రతో తెరుచుకుంటుంది. వెర్నా బొటనవేలు పెట్టింది.

"ఇంకొకళ్లది కూడా పెట్టొచ్చు," అన్నది రోండా. "మాస్టారిది పెట్టనా?"

"నన్నడుగుతావేం? ఆయన్నే అడుగు," అన్నది వెర్నా.

"వద్దు," అన్నాను. "తప్పుల పుస్తకం ఇలా ఇవ్వు."

రోండా నా పేరు వ్రాయలేకపోయింది. నేనే వ్రాసి, నియమం సంఖ్య వేసి, సంతకం చేశాను. వెర్నా అది చదివి, పెట్టెను చంకన పెట్టుకుని బయటికి నడిచింది.

ఆమె కారు ముందు, నా ట్రక్కు వెనుక బయలుదేరాయి. పెద్దరోడ్డు కూడలి వద్ద కాస్పర్ దారి ఎడమకు పోతుంది. మా ఇల్లు కుడికి. ఆమె అక్కడ చాలాసేపు ఆగింది. వెనుక నుంచి ఎవరూ రావడం లేదు గనుక నేను హారన్ కొట్టలేదు. తరువాత ఆమె కారు కుడివైపు దీపం మిణుకుమన్నది.