విప్పేసిన వరుసలు

ఓమరూ ఊళ్లో అల్లికల బృందంలో ఎవరైనా పోతే, ఆమె సూదుల మీద మిగిలిపోయిన పనిని తక్కినవాళ్లు పూర్తిచేసి ఇంటికి తెచ్చిస్తారు. ఎలా చెయ్యమంటారని ఇంటివాళ్లను అడగరు. అడగాలని ఎవరికీ తోచదు. నోలీన్ పోయేనాటికి కూతురు జోస్లిన్ కోసం అల్లుతున్న స్వెటర్ ఛాతీ దాకా వచ్చింది. దాన్ని బృందంలోని నోలీన్ స్నేహితురాలు మెర్ల్ సంచీలో వేసుకుని వెళ్లింది.

నెల తర్వాత తెచ్చింది, తాను చేసిన చీజ్ స్కోన్లనే చిన్న రొట్టెలతో సహా.

"వేసుకో తల్లీ. సరిపోకపోతే నా సూదులు సముద్రంలో పారేస్తాను."

జోస్లిన్ దాన్ని బల్ల మీద పరిచి, నడుము పైన వేళ్లతో తడిమింది. అమ్మ చేతులు వణకడం మొదలయ్యాక, తాను పక్కన కూర్చుని నవల చదివి వినిపిస్తుంటే అల్లిన వరుసలు అక్కడుండాలి. వంకరగా, వదులుగా ఉండాలి. ఇప్పుడన్నీ తిన్నగా ఉన్నాయి.

"ఇక్కడ కన్నాలుండేవి ఆంటీ."

"ఉండేవి. పద్దెనిమిది వరుసలు విప్పి మళ్లీ అల్లాను. అవి నలుగురూ చూస్తే సిగ్గుతో చచ్చిపోయేది మీ అమ్మ." అనేసి నాలుక కరుచుకుంది మెర్ల్.

"నాక్కావలసినవి అవే."

మెర్ల్ కుర్చీలో కూలబడింది. "ఊలు అదేనమ్మా. మీ అమ్మ పట్టుకున్న ఊలే." ఆ మాట ఆమెకే చాల్లేదు.

జోస్లిన్ స్వెటర్ తొడుక్కుంది. భుజాల దగ్గర, మెడ దగ్గర ఎక్కడా వంక పెట్టడానికి లేదు.

"బాగుంది ఆంటీ," అంది.

అది విని మెర్ల్ ఏడ్చింది.