బంక ఆరే దాకా

విల్లుకు బద్దలు అతికించడం ఒక్కడి వల్ల అయ్యే పని కాదు. తోలు బంకను వేడిగా పూసి, విల్లుకు నడుమ ఉండే తడ చెట్టు కర్ర మీద వెదురు బద్దను సరిగ్గా కూర్చి, బంక చల్లారేలోగా ఈ కొస నుంచి ఆ కొస దాకా నారతాడు బిగించి చుట్టాలి. ఒకరు అదిమి పట్టుకుంటే ఒకరు చుట్టాలి. జ్ఞానయ్య ఇంట్లో చుట్టే పని ఎప్పుడూ అతని భార్య ఎలీషబాదే. కిందటి వానాకాలంలో ఆమె జ్వరంతో చనిపోయింది. పిల్లలు లేరు.

గిద్దలూరుకు పడమరగా, నల్లమల అంచున ఉన్న ఆ పాలెంలో పొద్దెక్కితే మనిషి కనబడడు. అందరూ కూలికి పోతారు. మోకాలు పట్టేసి జ్ఞానయ్య ఒక్కడే ఇంటి దగ్గర మిగిలిపోయాడు. ఆదివారం ప్రార్థనలో బాగున్నావా అని అడిగేవాళ్లకు మిగతా రోజుల్లో నిలబడే తీరిక ఉండేది కాదు. ఒక్కోసారి సాయంత్రం పొయ్యి ముట్టించేటప్పుడు అతనికి గుర్తొచ్చేది, పొద్దుటి నుంచి తను నోరు తెరిచి ఒక్క మాటా అనలేదని.

అట్లాంటి రోజుల్లోనే ఊళ్లో వేరుశనగ వేసిన రైతు మాలకొండయ్య వచ్చి వాకిట్లో నిలబడ్డాడు.

"అడవి పందులు బుడ్డల చేను తవ్వేస్తుండాయి జ్ఞానయ్యా. తుపాకి లైసెన్సు కావాలంటే కర్నూలు పోయి అడగమంటుండారు. నాకెవరిస్తారు? మంచి విల్లు ఒకటి చేసియ్యి."

"బద్దలు చెక్కే ఉండాయయ్యా. తాడు చుట్టేదానికే మనిషి లేదు."

ఊరి రైతులందరి లాగే మాలకొండయ్య కూడా ఆ పాలెంలో ఏ ఇంటి గడపా తొక్కినవాడు కాదు. అటూ ఇటూ చూశాడు. చివరికి పంచె ఎగగట్టి, "ఏం పట్టుకోవాల్నో చెప్పు" అన్నాడు.

వాకిట్లోనే, బంక ముంత పక్కన, ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని తాడు చుట్టారు. మాలకొండయ్య చేతులు బంకతో అతుక్కుపోయాయి. నవ్వుకుంటూ కడుక్కున్నాడు.

"ఇంక ఎక్కుపెట్టొచ్చునా?"

"తొందరపడితే బద్దలు ఊడిపోతాయయ్యా. పక్కకు కారిన చుక్కను గోటితో నొక్కితే గాజు మాదిరి పగలాల. సొట్ట పడిందంటే ఇంకా పచ్చి."

విల్లును జ్ఞానయ్య ఇంట్లో దూలానికి కట్టాడు. మాలకొండయ్య చేనికి పోతూ వస్తూ వాకిట్లో ఆగడం మొదలుపెట్టాడు. బండ మీద కూర్చుని పందుల సంగతి, భార్య లక్ష్మీదేవమ్మ దెప్పుళ్లు, రైల్లో మార్కాపురం పోయినప్పుడు చూసిన వింతలు అన్నీ చెప్పేవాడు. జ్ఞానయ్య కూడా పొద్దున్నే అతనికి ఏం చెప్పాలో అనుకుని పెట్టుకునేవాడు. ఎలీషబా గురించి కూడా ఒకసారి చెప్పాడు. మాలకొండయ్య తల వంచుకుని విన్నాడు.

ఒక పొద్దున జ్ఞానయ్య గోటితో నొక్కితే బంక చుక్క పెళుక్కున పగిలింది. ఇంకోచోట నొక్కాడు. అక్కడా పగిలింది. అంతలోనే వాకిట్లో చెప్పుల చప్పుడయింది.

"ఆరిందా?"

"ఇంకా పచ్చిగానే ఉందయ్యా" అన్నాడు జ్ఞానయ్య.

తన నోటి నుంచి ఆ మాట ఎట్లా వచ్చిందో అతనికే తెలియలేదు. మాలకొండయ్య సరేనని బండ మీద కూర్చున్నాడు. ఆ తర్వాత మబ్బు పట్టి తుంపర పడింది. "ఈ తేమకు ఆరదులే" అని మాలకొండయ్యే అన్నాడు. జ్ఞానయ్య కాదనలేదు. ఇంకా కొన్నాళ్లు అట్లానే గడిచాయి.

ఉన్నట్టుండి మాలకొండయ్య రావడం మానేశాడు. జ్ఞానయ్య గడపలో కూర్చుని దారి చూశాడు. మరునాడూ చూశాడు. ఆ సాయంత్రం కూలి నుంచి తిరిగొస్తున్న యేసుమణి అనే పక్కింటామె చెప్పింది.

"మాలకొండయ్య చేను సగం పోయింది చిన్నాయనా. పందుల మంద పడి దున్నేసినట్టు చేసినాయి."

తెల్లవారగానే జ్ఞానయ్య విల్లు దించి, తాడు విప్పి, నారి కట్టి, కుంటుకుంటూ చేనికి పోయాడు. మాలకొండయ్య, లక్ష్మీదేవమ్మ తిరగబడిన మట్టిలో మిగిలిన కాయలు ఏరుతున్నారు.

మాలకొండయ్య విల్లు చూసి లేచాడు. "ఆరిందా?"

"ఎప్పుడో ఆరిందయ్యా."

"మరి పచ్చిగా ఉందంటివే?"

"ఆరిందంటే నువ్వు తీసుకొని పోతావు. మళ్ల నా వాకిట్లోకి రావు. మాట్లాడేదానికి ఎవరూ లేక అట్ల చెప్పినా."

మాలకొండయ్య ముఖం నల్లబడింది. "నాకు పెండ్లాం బిడ్డలుండారు. వాళ్లు తినే తిండి ఇది. మాట్లాడాలని ఉంటే ఆ మాటే చెప్పొచ్చు గదా?"

రావయ్యా, వచ్చి కాసేపు కూర్చో అని అడగవచ్చునని జ్ఞానయ్యకు అంతదాకా తోచనే లేదు. విల్లు గట్టున పెట్టి, కూర్చుని కాయలు ఏరడం మొదలుపెట్టాడు. పొమ్మని ఎవరూ అనలేదు.

మిగిలిన సగం చేనికి తనే కాపు ఉంటానని ఆ సాయంత్రం అడిగాడు. మాలకొండయ్య మంచె వైపు చేయి చూపించి వెళ్లిపోయాడు.

పంట పీకేదాకా జ్ఞానయ్య ఆ మంచె మీదే ఉన్నాడు. పందులు రెండోసారి వచ్చినప్పుడు ఆ విల్లు ఎక్కుపెట్టి ముందున్నదాన్ని బాణంతో కొట్టాడు. మంద చెదిరి కొండకు పారిపోయింది, మళ్లీ రాలేదు. మాలకొండయ్య సంగటి ముంత తెచ్చి మంచె కింద పెట్టి, పైకి చూడకుండా పోయేవాడు. జ్ఞానయ్య అతని వీపు చేను దాటేదాకా చూసేవాడు.

చివరి బండి కాయలు ఎత్తిన రోజు మాలకొండయ్య మంచె కిందికి వచ్చి ఆగాడు.

"దిగు జ్ఞానయ్యా. పోదాం."

బండి వెనక ఇద్దరూ నడిచారు. జ్ఞానయ్య మోకాలి కోసం మాలకొండయ్య మెల్లగా నడిచాడు. పాలెం దారి చీలే చోట జ్ఞానయ్య నిలబడిపోయాడు.

"అప్పుడప్పుడు వచ్చి కూర్చో అయ్యా" అన్నాడు.

మాలకొండయ్య బండి ముందుకు పోయి ఎద్దులను అదిలించాడు. "చూస్తాలే" అన్నాడు, వెనక్కి తిరగకుండానే.