ఈగతో సహా

ఈ ఉదయం నుంచి నా కంప్యూటర్‌లో సీడీ పెట్టే ట్రే నాలుకగా ఉంది. మీట నొక్కితే చాచుకుని బయటికి వస్తుంది. దాని మీద పసుప్పచ్చని పాచి. టంగ్ క్లీనర్ తెచ్చి గీకి, వచ్చినదాన్ని పాత పేపర్లో చుట్టి పారేస్తాను. తర్వాత మాణిక్యాంబ అత్తయ్య సీడీని దాని మీద పెడతాను. నాలుక ముడుచుకుని లోపలికి తీసుకుంటుంది.

అత్తయ్య మా నాన్న చెల్లెలు. నాటకాల్లో పద్యాలు పాడేది. తెనాలిలో ఆమె రాగం తీస్తే జనం కూచున్న చోటు నుంచి లేచేవాళ్లు కాదు. పోయినేడు పుండు లేచిందని స్వరపేటిక తీసేశారు. మెడ ముందు చిన్న రంధ్రం మిగిలింది. దాని మీద మెత్తటి గుడ్డ కట్టుకుంటుంది. ఇప్పుడు ఆమె మాటలు శబ్దంగా రావు, తడిగా వస్తాయి. ఆ తడి చెవికి తగిలితే అర్థమవుతుంది. తర్వాత చెవి తుడుచుకోవాలి.

ఆమె గొంతు మిగిలింది ఎప్పటిదో టేపు నుంచి ఎక్కించిన ఈ ఒక్క సీడీలోనే. దాని మీద పెద్ద గీత పడింది, వెండి పొర పుండు మీది చెక్కులా ఊడి వస్తోంది. ఇవాళ నకలు తీయకపోతే తీయడానికి ఇంకేమీ ఉండదు. సాయంత్రం ఆమెకు జరిగే సన్మానంలో ఆ నకలే వినిపించాలని ఆమె కొడుకు విశ్వేశ్వరం బావ పట్టుపట్టి కూచున్నాడు.

"ఫాస్ట్ మోడ్ పెట్టవే కుసుమా. గీత దగ్గర అదే ఏదోటి సర్దుకుంటుంది," అంటాడు బావ.

పెడతాను. గీత వచ్చిన చోట కంప్యూటర్ తనకు దొరకని స్వరాలను ఊహించి పూరిస్తుంది. స్పీకర్లలోంచి పాకం కారడం మొదలవుతుంది. పద్యం నున్నగా ఉంది, ఎక్కడా ఊపిరి తీసుకోదు. పాకంలో పొడుగాటి వెంట్రుకలు తేలుతున్నాయి; అత్తయ్యవి కావు. బావ వేలితో తీసి నాకుతాడు.

"బ్రహ్మాండంగా ఉంది," అంటాడు.

అత్తయ్య నా చెవి దగ్గరికి వంగుతుంది. "అది నేను కాదే. నా గొంతులో ఇంకెవత్తో ఉమ్మేసింది."

ఆ నకలు చెరిపేసి సెట్టింగులు మారుస్తాను. ఒక్కో ముక్కనీ మళ్లీ మళ్లీ చదవాలి; చదివిన ప్రతిసారీ ఒకేలా వస్తేనే రాసుకోవాలి. దొరకనిదాన్ని ఊహించకూడదు. శబ్దం పెంచకూడదు, నిశ్శబ్దాలు కత్తిరించకూడదు. ఎంపీత్రీ వద్దు, మన చెవికి అక్కర్లేదని తనకు తోచినవి అది తీసి పారేస్తుంది. ఏదీ పారేయని ఫ్లాక్ ఫైలుగా దాచమంటాను.

"వేగం బాగా తగ్గించనా అత్తయ్యా?"

"తగ్గించు. పాడినప్పుడు నేనేమన్నా పరిగెత్తానా?"

డ్రైవు లోపల నాలుక సీడీని నాకుతున్న చప్పుడు. టేబుల్ అంచు నుంచి చొంగ కారి నా ఒళ్లో పడుతుంది. గది నిండా కిళ్లీ ఉమ్మి వాసన, చెమటతో కలిసిన మేకప్ రంగు వాసన. గీత దగ్గర నాలుక ఆగిపోతుంది. తప్పు చదివిన ప్రతిసారీ డ్రైవులోంచి ఒక కొండనాలుక ఊడి నేల మీద పడుతుంది. ఎర్రగా, వేలెడంత. పడి, అదే పద్యాన్ని కొంచెం అపస్వరంగా పాడుతుంది. చీపురుతో ఊడుస్తాను. పుల్లలకు అంటుకుంటాయి. విదిలించి చెత్తబుట్టలో వేసి మూత పెడితే, మూత కింద కోరస్‌గా పాడుతున్నాయి. బావ ముక్కు మూసుకుని కిటికీ దగ్గర నిలబడతాడు.

చాలాసేపటికి చదివినవి ఒకదానితో ఒకటి సరిపోతాయి. వినిపిస్తాను.

అత్తయ్య గొంతు. పాత బావి గిలకలా జీర ఉంది అందులో. దగ్గు, కఫం మింగిన చప్పుడు, హార్మోనియం వాయించేవాడి తేన్పు, అన్నీ ఉన్నాయి. గీత ఉన్న చోట రాగం పైకి లేచి, ఒక్క క్షణం గుటకగా మారి, మళ్లీ లేస్తుంది.

అత్తయ్య భుజాలు కదులుతున్నాయి. నవ్వుతోంది.

"ఈగ," అంటుంది తడిగా. "బతికున్న ఈగ. పెట్రోమాక్స్ దీపం దగ్గర్నుంచి సరాసరి నోట్లోకొచ్చింది. ఉమ్మితే రాగం పోతుందని మింగేశా. ఎవరికీ తెలీలేదు."

నా గొంతులో ఏదో కాళ్లాడిస్తుంది. నీళ్లు తాగుతాను. పోదు.

"అది తీసెయ్యవే," అంటాడు బావ. "మా అమ్మ ఈగ మింగిన చప్పుడా సభలో వినిపించేది?"

అత్తయ్య వెళ్లి అతని చెవి పట్టుకుంటుంది. "ఈగని తీసేస్తే దాన్ని మింగి కూడా పాడిందెవర్రా?"

బావ చెవి తుడుచుకోబోతాడు. రుమాలు సగంలో ఆగిపోతుంది. బాత్రూంలోకి పరిగెత్తి వాంతి చేసుకుంటాడు. నేను ఈగతో సహా ఫైలు దాస్తాను.

అత్తయ్య మెడ మీది గుడ్డ విప్పుతుంది. రంధ్రంలో ఎర్రటి తెర. తెర పక్కకు జరుగుతుంది. లోపల చాపల మీద జనం. నడుముల దాకా కఫంలో మునిగి, బాసింపట్లు వేసుకుని కూచున్నారు. ఎవరికీ పట్టింపు లేదు. చేతులెత్తి చప్పట్లు కొడుతుంటే అరచేతుల మధ్య తీగలు సాగుతున్నాయి.

"వన్స్ మోర్!" అని అరుస్తున్నారు.

ముందు వరసలో ఒక ముసలాయన ఒత్తిగిలి, తన పక్కన చాపను చేత్తో తడుముతూ చోటు చూపిస్తాడు. "అట్టా అడ్డంగా నిలబడతావేందమ్మా, వచ్చి కూచో."

చెప్పులు బయట విడిచి, చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని, లోపలికి అడుగు పెడతాను. పాదానికి గోరువెచ్చగా తగులుతుంది.