ముక్కు కింద వేలు

నాకు అన్నిటికంటే భయం ఒకటే. పడుకున్న మనిషి ఊపిరి ఆగిపోతుందేమోనని, సరిగ్గా అప్పుడే నేను ఎటో చూస్తూ ఉంటానేమోనని.

మా పాప ఏడో నెలలో పుట్టింది. పిల్లల వార్డులో అందరూ దాన్ని పిడికెడు అనేవాళ్లు. పంతొమ్మిది రోజులు గాజుపెట్టెలో ఉంది. నేను దూరంగా నిలబడి ఏడుస్తుంటే అక్కడి నర్సక్క కసిరింది. "అంత దూరం నుంచి ఏం తెలుస్తుందే? తాకి చూడు." ఆ రోజు మొదలు, పాప పడుకున్నప్పుడల్లా ముక్కు కింద వేలు పెట్టి చూడడం అలవాటైపోయింది. ఇప్పుడు దానికి రెండేళ్లు. ఇల్లు పీకి పందిరేస్తోంది. "నువ్వు చూస్తేనే ఊపిరి తీస్తుందా అది?" అని మా అత్తయ్య దెప్పుతూనే ఉంటుంది.

ఆ వార్డుకి ఇంకో గాజుపెట్టె కావాలనే మా సైకిల్ యాత్ర. మూడు రోజులు, మూడు వందల అరవై కిలోమీటర్లు. తొక్కిన దూరానికే దాతలు చందా ఇస్తారు. అలిసిపోయి వెంట వచ్చే వ్యాను ఎక్కితే ఆ దూరం పోయినట్టే. టైలరింగ్ షాపుకి రోజూ సైకిల్ మీదే వెళ్తాను కాబట్టి నా కాళ్ల మీద నాకు నమ్మకముంది. లేనిది మనసు మీదే. "నా వెనకాలే రా, నేను చూసుకుంటా" అని నర్సక్క అంటేనే బయల్దేరాను.

రెండో రోజు చుక్కలు చూపించింది. పొద్దున్నుంచీ ఎదురుగాలి, పైన ఎండ. ఎంత తొక్కినా ఎవరో క్యారియర్ పట్టుకుని వెనక్కి లాగుతున్నట్టే ఉంది. నర్సక్క గాలికి అడ్డంగా నా ముందు తొక్కింది.

"నా చాటున ఉండు. ఇంత వీపు దేవుడు ఊరికే ఇచ్చాడా?"

"నీళ్లు తాగక్కా."

"నర్సుకే చెబుతున్నావా?" అంటూ తన సీసా కూడా నాకే ఇచ్చింది.

మధ్యాహ్నం ఒక బడి వరండాలో ఆగాం. ఇంకా నలభై ఐదు కిలోమీటర్లుంది. ముందు ఇంటికి ఫోన్ చేశాను.

"పాపని చూశారా?"

"చూశానే తల్లీ. ముక్కూ ఉంది, ఊపిరీ ఉంది. వేలు పెడితే కొరికింది కూడా" అన్నాడు మా ఆయన.

వెనక్కి వచ్చేసరికి నర్సక్క ముఖం మీద టోపీ పెట్టుకుని పడుకుని ఉంది. యాత్ర నడిపించే సైకిల్ షాపు బాబాయ్ నన్ను ఆపాడు.

"లేపకమ్మా, కాస్త కునుకు తియ్యనీ."

"లేపను. ఊరికే చూస్తా."

"అక్కకి కూడా వేలు పెడుతోంది" అని ఎవరో అంటే అందరూ నవ్వారు. పెట్టాను. ఊపిరి వేడిగా, కుక్కపిల్ల రొప్పినట్టు ఆడుతోంది. మెడ పట్టి చూశాను. మా అందరికీ చెమట ధారలు కడుతుంటే ఆమె ఒళ్లు పొడిగా పెనంలా కాలుతోంది.

"అక్కా."

కళ్లు తెరిచింది. "ఏ బెడ్డు?" అంది, వార్డులో ఉన్నట్టే.

"ఎండకి నీరసం. నీళ్లు తాగితే..." అన్నాడు బాబాయ్.

"కాదు బాబాయ్. వ్యాను తియ్యండి. నీళ్ల డ్రమ్ము ఇటు తెండి."

బాబాయ్ పరుగెత్తాడు. ఒంటి నిండా నీళ్లు గుమ్మరించాం. నా చున్నీ తడిపి మెడకు చుట్టాను. మిగిలినవాళ్లు అన్నం ప్లేట్లతో విసిరారు. వ్యానులో పడుకోబెట్టాక నేనూ ఎక్కబోయాను. ఆమె నా చెయ్యి పట్టుకుంది.

"నువ్వెక్కితే ఆ నలభై ఐదూ ఎవరు తొక్కుతారే?"

ఈసారి మాట తడబడలేదు, లెక్కా తప్పలేదు. బాబాయ్‌ని ఆమె పక్కన ఎక్కించి తలుపు వేశాను.

అడ్డం పెట్టుకోవడానికి వీపు లేదిక. గాలి మాత్రం అలాగే ఉంది. కాసేపటికి వెనక్కి చూస్తే, నా చాటునే ముగ్గురు వస్తున్నారు. వంగి తొక్కాను.

సాయంత్రం బసకి చేరాక నర్సక్కే ఫోన్ చేసింది. "సెలైన్ ఎక్కిస్తున్నారు. సూది గుచ్చడం కూడా రాదు వీళ్లకి. ఇంకో గంటయితే దక్కేదాన్ని కాదట."

అప్పుడు గుర్తొచ్చింది, మధ్యాహ్నం నుంచి ఇంటికి ఒక్కసారి కూడా ఫోన్ చెయ్యలేదని.

మీ ఇంట్లో కూడా "నాకేం, బాగానే ఉన్నా" అని చెప్పి పడుకున్నవాళ్లు ఎవరో ఒకరు ఉంటారు. నవ్వేవాళ్లని నవ్వనివ్వండి. చదువుతున్నది పక్కన పెట్టి, వెళ్లి ఒక్కసారి తాకి చూసి రండి.