పంపు తమిళం

"ఆ పంపు తమిళం పంపు కాడనే ఇడిచిపెట్టి రా మే. ఇంట్లోకి తేవద్దు" అన్నాడు కోదండరాం.

చూడామణి నడుం మీద నీళ్ళ బిందె ఉంది. గడప దాటబోతూ ఎదురు పోర్షన్ గోమతితో "ఇదో వందుట్టేన్", ఇదిగో వచ్చేస్తానని ఒక్క మాట అన్నదంతే. వరండాలో కుర్చీ వేసుకుని తమిళ వ్యాకరణం వల్లె వేస్తున్న భర్తకు ఆ ఒక్క మాటే చెవిలో పడింది. ఆమె నవ్వుకుంటూ లోపలికి పోయి బిందె దించింది. ఆ పొద్దుటికి అది ఐదో బిందె.

మైలాపూరులో ఆ ఇంటికి కాపురానికి వచ్చి మూడేళ్ళు. కోదండరాం మద్రాసులోనే పుట్టినా, తిరుపతిలో మేనమామ ఇంట ఉండి తెలుగులో చదువుకున్నాడు. సర్కారు ఆఫీసులో గుమాస్తా పని దొరికింది గాని, తమిళ పరీక్ష పాసైతేనే ఉద్యోగం ఖాయమన్నారు. రాత పరీక్ష గట్టెక్కాడు. నోటి పరీక్షలో ఒకసారి తప్పాడు. ఇంకా రెండు అవకాశాలున్నాయి. ఆ తర్వాత ఇంటికి పొమ్మంటారు.

చూడామణికి ఏ పరీక్షా లేదు. నాయుడుపేటలో ఎనిమిదో తరగతితో చదువు మాన్పించారు. తమిళంలో ఒక్క అక్షరం చదవలేదు. వచ్చిన కొత్తలో పంపు దగ్గర మూగదానిలా నిలబడితే ఆమె బిందె వరసలో వెనక్కి వెనక్కి పోయేది. అందుకని ఇది నా వంతు అనే మాట ముందు నేర్చుకుంది. తెల్లవారక ముందే పాల డిపో దగ్గర, కిరసనాయిలు క్యూలో, కూరల బండి కన్నియప్పన్‌తో బేరాల్లో మిగతాదంతా వచ్చింది. ముందు అంకెలు, తర్వాత తిట్లు, ఆ తర్వాత వేళాకోళాలు. ఎప్పుడు వచ్చిందంటే ఆమే చెప్పలేదు. ఒకనాడు కన్నియప్పన్ ఏదో అంటే నవ్వింది. నవ్విన తర్వాత గాని అది తెలుగు కాదని గుర్తు రాలేదు. అయినా దాన్ని ఎవరూ చదువు అనలేదు. ఇంటికి ఎవరైనా వస్తే కోదండరాం, "మా ఆవిడకు తమిళం రాదు, ఊరికే మాట్లాడుతుంది" అనేవాడు. దీపం వెలిగిస్తూ చూడామణి పెరుమాళ్ళ పటం వైపు చూసి, రాకుండా ఎట్లా మాట్లాడతాను స్వామీ అని అడిగేది.

రెండోసారి కూడా తప్పి వచ్చిన రోజు కోదండరాం చొక్కా అయినా విప్పకుండా గోడకు ఆనుకుని కూర్చున్నాడు.

"ఏమడిగినారండీ?"

"చిన్నపిల్లకాయల ప్రశ్న. ఈ పొద్దు తెల్లారినప్పట్నుంచి మీ ఇంట్లో ఏమేం జరిగిందో చెప్పమన్నాడు. నోరు పెగల్లా."

"తమిళం ఇడిచిపెట్టండి. నాకు తెలుగులో చెప్పండి."

"లేచినా. కాఫీ తాగినా. పేపరు చూసినా. స్నానం చేసి, టిఫిను తినేసి ఆఫీసుకు పొయినా."

"అంతేనా?"

"ఇంకేముంది?"

చూడామణికి ముందు కోపం వచ్చింది. అతని ముఖం చూస్తే అది కాస్తా పోయింది. అతను అబద్ధం చెప్పడం లేదు. ఆ పొద్దున నాలుగున్నరకు తాను పాల కార్డు పట్టుకుని చీకట్లో డిపోకు పోయింది. ఏడు బిందెలు మోసింది. స్టవ్వు ఒత్తులు సరిచేసింది, అత్తగారి మోకాళ్ళకు నూనె రాసింది, పూజకు పూలు కట్టింది, పచ్చడి నూరింది, అతని బనీను ఉతికి ఆరేసింది. దీపం పెట్టింది తానైతే పూజ చేసినట్టు పేరు అతనిది. ఇదంతా అతనికి ఒక్క గోడ అవతలే జరిగింది. అతనికి మాత్రం కాఫీ గ్లాసు దానంతట అదే నడిచి వచ్చినట్టుంది. సొంత భాషలోనే ఆరు మాటల్లో అయిపోయిన ఉదయాన్ని ఏ వ్యాకరణం పెంచి చెప్పగలదు?

"మాటలు పుస్తకంలో లేవండీ, పనిలో ఉండాయి" అన్నది నిదానంగా. "మళ్ళా పరీక్షొచ్చే దాకా ఈ మూడు నెల్లు పొద్దున పూట నా పనులు మీరు చెయ్యండి. నేను నేర్చుకొనింది అట్లనే."

ఉద్యోగం పోతుందనే భయానికి ఒప్పుకున్నాడు. అత్తగారు రాజలక్ష్మమ్మ మాత్రం ఒప్పుకోలేదు.

"ఏం మే, నా బిడ్డ చేత నీళ్ళు మోయిస్తావా? వీధిలో నలుగురూ చూస్తే ఏమయ్యేది?"

"చూస్తేనే గదత్తా మాట్లాడేది. మాట్లాడితేనే గదా వచ్చేది."

మొదటి రోజు అరగంట నిలబడి ఖాళీ బిందెతో తిరిగి వచ్చాడు. చూడామణి చేతులు ఊరుకోలేదు. బిందె లాక్కుని తానే పోదామనిపించింది. "మళ్ళా పోయి నిలబడండి" అని మాత్రం అన్నది. నాలుగో రోజు కిటికీలోంచి అతని గొంతు వినబడింది. నా బిందే ముందు వచ్చిందని తమిళంలో గోమతితో తగువు. ఆడవాళ్ళంతా నవ్వుతున్నారు. గోమతి అతని మాట సరిదిద్దుతూనే తిడుతున్నది, అతను సరిదిద్దిన మాటతోనే ఎదురు తిడుతున్నాడు. కన్నియప్పన్ వారం రోజులు అతనికి ముదిరిన వంకాయలు అంటగట్టాడు. రెండో వారం కోదండరాం వాటిని తిరిగి ఇచ్చేసి, లేతవి ఏరుకుని, కొసరుగా కొత్తిమీర కూడా లాక్కుని వచ్చాడు. ఆ కట్టను తల్లికి చూపించిన తీరు చూసి రాజలక్ష్మమ్మ కూడా నవ్వక తప్పలేదు.

ఆ పూటల్లో చూడామణికి ఒక గంట మిగిలేది. ఆ గంటతో ఏం చేయాలో మొదట తోచలేదు. పెరుమాళ్ళ ముందు కూర్చుంది. దణ్ణం పెట్టేటప్పుడు పాలు పొంగుతాయేమోనని వెనక్కి తిరిగి చూడకపోవడం ఆ ఇంట్లో అదే మొదటిసారి.

మూడో పరీక్ష రోజు కోదండరాం వీధి మొదటి నుంచే నవ్వుకుంటూ వచ్చాడు.

"పాసు మే. ఈ తూరి మీ ఇంటావిడ ఏం పని చేస్తుందని అడిగినాడు. చెప్పడం మొదలుపెట్టినా. చాలు చాలు, పోయి రండి అన్నాడు. అప్పటికి నేను చెప్పే దాంట్లో ఇంకా తెల్లారి ఐదు గంటలు గూడా కాలా."

చూడామణి నవ్వి నవ్వి స్తంభం పట్టుకుంది.

"అయిపోయింది గదా, రేపట్నుంచి బిడ్డను పడుకోనీ" అన్నది అత్తగారు.

"నాలుగున్నరకు మెలకువ దానంతట అదే వస్తా ఉందిమ్మా" అన్నాడు కోదండరాం.

ఆదివారం నాడు అతని ఆఫీసులో పనిచేసే గోవిందస్వామి అరటిపళ్ళ అత్తంతో వచ్చాడు. అతనూ తిరుపతి వైపు వాడే. అదే పరీక్ష రెండుసార్లు తప్పాడు.

"మీకు తమిళం నేర్పిన వాద్యార్ ఎవురో చెప్పండి సార్. కాళ్ళు మొక్కి చేరతా."

లోపల రుబ్బుతున్న చూడామణి చేతిలో పొత్రం ఆగింది. మా ఆవిడకు తమిళం రాదు అన్న గొంతు ఇప్పుడేం చెబుతుందో వినాలని ఉంది, వినకుండా ఉంటే బాగుండునని కూడా ఉంది.

"మా ఇంట్లోనే ఉండారు" అన్నాడు కోదండరాం. "మా ఆవిడే."

గోవిందస్వామి హాస్యమనుకుని నవ్వాడు. కోదండరాం నవ్వలేదు. "నిజమే సార్. ఉండండి, పిలుస్తా."

అతను పిలిచే లోపే ఆమె చేతి పిండి కడుక్కుంది. మూడేళ్ళుగా మగవాళ్ళు వస్తే తలుపు చాటున నిలబడే అలవాటు. ఆ వేళ తలుపు దాటి వచ్చి, గోవిందస్వామికి ఎదురుగా కుర్చీలో కూర్చుంది. గోవిందస్వామి లేచి నిలబడ్డాడు. అరటిపళ్ళు ఎవరి చేతికివ్వాలో తెలియక ఆగి, చివరికి ఆమెకే ఇచ్చాడు.

"రేపు పొద్దున నాలుగున్నరకు మొదలు" అన్నది చూడామణి. "ఈడికి రావాల్సిన పని లేదు, మీ ఇంట్లోనే. మీ ఆవిడను నిద్ర లేపకుండా, పాల కార్డు ఎక్కడుందో మీరే వెతుక్కోండి. అదే మొదటి పాఠం."